భూపాలపల్లి అల్లుడికి, గ్రాఫిక్స్ కార్డు సంగతి

జనగామ



మానుకోటలో నీ దోస్తు తన ఆర్‌టీఎక్స్ 3060 అమ్ముతున్నాడని, నీ దగ్గరున్న 3060 పక్కన దాన్నీ బిగిస్తే సిస్టమ్ స్పీడు రెండింతలవుతుందని రాశావు. తీసుకోకు. ఎందుకో చెప్తా.

రెండు కార్డులు జోడించి ఆటలాడిన కాలం ఒకటుండేది. 1998లో త్రీడీఎఫ్‌ఎక్స్ కంపెనీ వూడూ 2 కార్డులతో మొదలుపెట్టింది. 2004లో ఎన్విడియా ఎస్‌ఎల్‌ఐ అని మళ్లీ తెచ్చింది. ఒక ఫ్రేము ఈ కార్డు గీస్తే తర్వాతిది ఆ కార్డు గీసేది. లెక్కలో ఫ్రేములు పెరిగేవి గానీ కంటికి బొమ్మ కుదుపుతూ కనబడేది. ఒక్కో ఆటకూ డ్రైవర్లో విడిగా ఏర్పాటు కావాల్సి వచ్చేది. 2021 జనవరి నుంచి ఎన్విడియా కొత్తగా ఆ ఏర్పాట్లు చేయడం మానుకుంది. నీ 3060కైతే ఎస్‌ఎల్‌ఐ పుట్టుకతోనే లేదు. ఆట పెడితే రెండోది ఊరికే కూర్చుంటుంది.

ఆటలకు కాదు మామా, పెళ్లి వీడియోల మిక్సింగ్‌కి అంటావు. మంచిదే. ఎడియస్‌లో నీ పని చాలావరకు ప్రాసెసర్ మీదే నడుస్తుంది. డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ విండోస్‌లో ఒక్క కార్డునే వాడుకుంటుంది, రెండోదాన్ని పనిలో పెట్టాలంటే స్టూడియో వెర్షన్ కొనాలి. టైటిళ్ల కోసం నేర్చుకుంటున్న బ్లెండర్ మాత్రం రెండు కార్డులకూ నిజంగా పని చెప్తుంది. రెండర్ సమయం దాదాపు సగానికి దిగుతుంది, కాదనను. కానీ మెమరీ కలవదు. సీను మొత్తం ఒక్కో కార్డులోనూ పట్టాలి కాబట్టి 12 జీబీవి రెండున్నా నీకు దొరికేది 12 జీబీ చోటే. ఇంట్లోనే ఏఐ మోడళ్లు నడిపేవాళ్ల లెక్క వేరు. వాళ్లు మోడల్‌ను విడగొట్టి రెండింట్లో సర్దుకుంటారు, 24 జీబీ అక్కడ అక్కరకొస్తుంది. నీకా పని లేదు.

ఇక కరెంటు. ఒక్కో 3060 గరిష్ఠంగా 170 వాట్లు తాగుతుంది, రెండు కలిస్తే 340. నీ టేబుల్ కిందున్న 600 వీఏ యూపీఎస్ ఇచ్చేదే సుమారు 360 వాట్లు. ప్రాసెసర్, మానిటర్ ఎక్కడికి పోవాలి? చెల్పూరు థర్మల్ కేంద్రం 1100 మెగావాట్లది, మీ ఇంటికి దగ్గరే. అయినా గాలిదుమారం లేచి లైను తెగితే నీ రెండర్ మధ్యలో ఆగాల్సిందే. పైగా మే నెలలో బొగ్గుగనుల ఊరి ఎండ నాకు చెప్పాలా? రెండు కార్డులు ఒకదానికొకటి ఆనుకుంటే కిందిదాని వేడిగాలినే పైది పీలుస్తుంది, వేడెక్కి వేగం తగ్గించుకుంటుంది. చవక మదర్‌బోర్డుల్లో రెండో స్లాటుకు డేటా వెళ్లే దారి కూడా ఇరుకే.

వాడిన కార్డు కదా, ఇంకో మాట. ఇథీరియం అనే క్రిప్టో నాణెం 2022 సెప్టెంబరులో మైనింగ్ వదిలేశాక, ఆ పనిలో రాత్రింబవళ్లు కాలిన కార్డులు బజారు నిండా పడ్డాయి. నీ దోస్తును అనుమానించమనను, ఆ కార్డు అతని దగ్గరికి ఎవరి చేతుల మీదుగా వచ్చిందో అడుగు. బిల్లు లేకపోతే వారంటీ మీద ఆశ పెట్టుకోకు.

నా తీర్పు ఒకటే: ఆ డబ్బుకు ఇంకొంత కూడబెట్టి ఒక్క గట్టి కార్డు కొను. 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 5060 టీఐలో 16 జీబీది నీకు సరిపోతుంది. 180 వాట్లే, అంటే ఇప్పటి కార్డు కంటే పది ఎక్కువ. అదే పేరుతో 8 జీబీది కూడా అమ్ముతారు, డబ్బా మీద అంకె చూడకుండా డబ్బు తియ్యకు. పాత 3060ని వెంటనే అమ్మకు. బ్లెండర్ పని నిజంగా పెరిగిననాడు, పెద్ద పవర్ సప్లై పెట్టాక, రెండూ కలిపి రెండర్ చేసుకోవచ్చు. కార్డుల మోడళ్లు వేరైనా బ్లెండర్‌కు అభ్యంతరం లేదు. అప్పుడు మాత్రం సీను 12 జీబీలో ఒదగాలి.

కొనడానికి సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోదాం, నాలుగు దుకాణాల్లో ధర అడిగాకే బేరం. హన్మకొండ దాకా బస్సులో వచ్చి కాజీపేటలో రైలెక్కు, నేను జనగామలో ఎక్కుతా. అంతకంటే ముందు నీ మదర్‌బోర్డు పేరు, పవర్ సప్లై మీదున్న వాట్ల అంకె ఫోటో తీసి పంపు. అవి చూసేదాకా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకు.

నీ మేనమామ