పడిశం మెదడు దాకా పోతుందా?

పడిశం పది రోగాల పెట్టు అంటారు. పదింటి మాట ఎలా ఉన్నా, ఒకదాని గురించి మీరు తెలుసుకోవాలి.

కర్నూలు నుంచి నంద్యాల వెళ్లే దారిలో ఓర్వకల్లు దగ్గర రాళ్లగుట్టల నడుమ నీరు నిలిచి ఉంటుంది. పారే దారి లేని నీరు పాచి పడుతుందని మీకు తెలుసు. మన ముఖపు ఎముకల్లోనూ అలాంటి చిక్కే ఒకటుంది. బుగ్గల్లో, కళ్ల నడుమ, నుదుటిలో, పుర్రె అడుగున గాలి నిండిన గదులున్నాయి. ఇవే సైనసులు. వీటిలో ఊరే చీమిడి సన్నని రంధ్రాల గుండా ముక్కులోకి జారిపోతుంది. పడిశం పట్టినప్పుడు లోపలి పొర వాచి ఆ రంధ్రం మూసుకుపోతుంది. లోపల చిక్కిన చీమిడిలో బాక్టీరియా పెరిగితే చీము పడుతుంది. దీన్నే సైనసైటిస్ అంటారు.

నుదుటి గది పుట్టినప్పుడు ఉండదు. చిన్నతనంలో ఏర్పడటం మొదలై, మీ వయసులో బాగా పెరుగుతూ ఉంటుంది. దాని వెనుక గోడ పలుచన. ఆ గోడకు ఆవల మెదడు పొరలు! చీము ఎముకను తొలుచుకుని అటు పోవచ్చు. తొలవకుండానూ పోవచ్చు. ఎలాగంటారా? కాళ్ల సిరల్లో రక్తం వెనక్కి రాకుండా కవాటాలుంటాయి. ఈ ఎముక సిరల్లో అవి లేవు. రక్తం ఎటైనా పోగలదు, దానితోపాటు సూక్ష్మజీవులూ పోగలవు. అప్పుడు మెదడు పొరలు వాచవచ్చు, పొరల మధ్యనో మెదడులోనో చీముగడ్డ కట్టవచ్చు. ఎముక కుళ్లి నుదుటి మీద మెత్తని వాపు లేవడమూ ఉంది. దాన్ని 18వ శతాబ్దంలో లండన్ శస్త్రవైద్యుడు పెర్సివాల్ పాట్ వర్ణించాడు. నేటికీ అది ఆయన పేరుతోనే ఉంది.

భయపడకండి, ఇది చాలా అరుదు. మామూలు పడిశం దానంతటదే తగ్గుతుంది. కానీ పడిశంతో పాటు జ్వరం, రోజురోజుకూ ముదిరే తలనొప్పి, వాంతులు, కన్ను లేదా నుదురు వాయడం, మెడ బిగుసుకోవడం, మగత, మూర్ఛ వీటిలో ఏది కనిపించినా ఎండదెబ్బ అనుకుని ఇంట్లో పడుకోబెట్టకూడదు. తలనొప్పి మీకే వస్తే పరీక్షలున్నాయని దాచకండి. ఓర్వకల్లు వారికి కర్నూలు పెద్దాసుపత్రి దూరమేమీ కాదు. 1957లో మొదలైన వైద్య కళాశాలకు అది అనుబంధం.

పూర్వం చీము ఎక్కడుందో ఊహించవలసి వచ్చేది. 1971లో హౌన్స్‌ఫీల్డ్ యంత్రంతో తొలి రోగి తలను చిత్రించాక ఆ ఇబ్బంది తగ్గింది. నేడు సి.టి., ఎం.ఆర్.ఐ. చిత్రాల్లో చీముగడ్డ చోటు తెలుస్తుంది. సిరలోకి కొన్ని వారాలపాటు యాంటీబయాటిక్ మందులెక్కిస్తారు. అవసరమైతే ముక్కు వైద్యుడు సైనసులోని చీమునూ, మెదడు శస్త్రవైద్యుడు లోపలి చీమునూ తీసివేస్తారు.