హజర్ పర్వతాలలో గండ్లు, గుహలు, గుండాలు

శీతకాలపు సెలవుదినం వచ్చిందంటే ఎమిరేట్స్‌లోని తెలుగు కుటుంబాలలో చాలామంది పులిహోర, పెరుగన్నం డబ్బాలు కారులో సర్దుకుని తూర్పుదిక్కుగా బయలుదేరతారు. ఇసుకతిన్నెలు దాటిన కొంతసేపటికి చెట్టుచేమ లేని నల్లని కొండలు ఎదురవుతాయి. అవే హజర్ పర్వతాలు. అరబ్బీలో ‘హజర్’ అంటే రాయి. ఉత్తరాన ముసందమ్ ద్వీపకల్పం మొదలు ఆగ్నేయాన ఒమాన్ తీరం వరకు సుమారు 700 కిలోమీటర్ల పొడవున ఈ శ్రేణి వ్యాపించి ఉంది. అందులో కొంతభాగం రస్ అల్ ఖైమా, ఫుజైరా ఎమిరేట్లలోను, దుబాయ్‌కి చెందిన హత్తాలోను ఉన్నది.

ఈ కొండలలో చూడదగినవి మూడు: ఇరుకైన లోయలు, రాతిలో నిలిచిన నీటి మడుగులు, గుహలు. ఈ మూడింటికీ తెలుగులో చక్కని మాటలున్నాయి. కొండను నది చీల్చుకొని పోయిన చోటు గండి. పెన్నానది తొలిచిన గండిమీద వెలసినందువల్లనే గండికోటకు ఆ పేరు వచ్చింది. వాగు దూకిన చోట రాతిలో ఏర్పడిన లోతైన మడుగు గుండం. భూమిలోని రంధ్రం బిలం. బెలుం గుహల పేరుకు మూలం ఆ పదమే. అరబ్బులు కొండవాగును, అది పారే లోయను కూడ ‘వాదీ’ అంటారు.

ఏడాదికి సగటున సుమారు 100 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే కురిసే దేశంలో ఇంత గట్టి రాతిని తొలిచినదెవరు? నీరే. ఈ సమాధానం వింతగా తోచవచ్చును. కాని దీనిని సరిగా గ్రహించడం జ్ఞానానికే కాక ప్రాణరక్షణకు కూడ అవసరం.

సముద్రగర్భం నుండి వచ్చిన కొండ

భూమి పైపొరను భూపటలమని, దాని క్రింది పొరను భూప్రావారమని అంటారు. సముద్రాల అడుగున సైతం భూప్రావారాన్ని చేరడానికి ఆరేడు కిలోమీటర్ల మందాన రాతిని ఛేదించవలసి ఉంటుంది. హత్తా, ఫుజైరా ప్రాంతాలలో మాత్రం ఆ శిలమీద పిల్లలు సైతం నడవవచ్చు. సుమారు 9 కోట్ల 50 లక్షల సంవత్సరాల క్రితం నాటి సముద్రపు అడుగు, దాని క్రింది ప్రావారంతో సహా, అరేబియా ఖండపు అంచుమీదికి నెట్టబడింది. ఇటువంటి శిలాసముదాయాన్ని భూగర్భశాస్త్రజ్ఞులు ఓఫియోలైట్ అంటారు. ప్రపంచంలో ఇంత విశాలంగా బయల్పడిన ఓఫియోలైట్ మరొకటి లేదు.

ఇందులోని ముఖ్యశిల పెరిడొటైట్. విరిచి చూస్తే ముదురాకుపచ్చగా ఉంటుంది. ఎండావానలకు పైభాగం గోధుమవన్నెకు మారుతుంది. దీని పగుళ్ళలో చాలాకాలం నిలిచిన నీరు సున్నపు తేటవలె క్షారగుణం పొందుతుంది. ఆ నీరు ఊటగా బయటికి వచ్చి గాలిలోని బొగ్గుపులుసు వాయువును తాకగానే, వెల్ల వేసినట్లు తెల్లని పెచ్చు కడుతుంది. వాయువును రాయిగా మార్చే ఈ గుణాన్ని ఆధారం చేసుకొని, బొగ్గుపులుసు వాయువును భూమిలోనే బంధించే ప్రయోగం 2023లో ఫుజైరాలో జరిగింది.

గుహలు ఎక్కడ ఉంటాయి?

పెరిడొటైట్‌లో పెద్ద గుహలు ఏర్పడవు. గుహకు కావలసినది సున్నపురాయి. వాననీరు గాలినుండి, మట్టినుండి బొగ్గుపులుసు వాయువును గ్రహించి స్వల్పమైన ఆమ్లంగా మారుతుంది. సున్నపురాతి పగుళ్ళలో దిగి వేల, లక్షల సంవత్సరాలలో దానిని కరిగిస్తుంది. నంద్యాల జిల్లాలో 3,229 మీటర్ల పొడవున కొలవబడిన బెలుం గుహలు ఏర్పడినది కూడ భూగర్భజలం సున్నపురాతిని కరిగించడం వల్లనే.

ఎమిరేట్స్‌లో సున్నపురాయి ముఖ్యంగా రెండు చోట్ల కనిపిస్తుంది. మొదటిది రస్ అల్ ఖైమా కొండలు. జబల్ జైస్, వాదీ బీహ్ ఇక్కడివే. రెండవది అల్ ఐన్ వద్ద ఒంటరిగా నిలిచిన జబల్ హఫీత్. దాని రాళ్ళలో ప్రాచీన సముద్రజీవుల శిలాజాలు దొరుకుతాయి. కొండ లోపల గుహలున్నాయి. పాదం వద్ద సుమారు 5,000 సంవత్సరాల నాటి సమాధులున్నాయి. పొరుగున ఒమాన్‌లోని మజ్లిస్ అల్ జిన్ ప్రపంచంలోని అతి పెద్ద గుహామండపాలలో ఒకటి. దాని పైకప్పు సుమారు 120 మీటర్ల ఎత్తున ఉంది. ఇంత పెద్ద గుహలను తొలవడానికి నేటి వర్షం చాలదు. అరేబియాలో ఒకప్పుడు వర్షాలు మెండుగా కురిసిన యుగాలు గడిచాయనడానికి ఈ గుహలే సాక్ష్యం.

గండి, గుండం ఏర్పడే విధం

మంచినీరు ఒక్కటే రాతిని కోయదు. అది మోసుకొచ్చే ఇసుక, గులకరాళ్ళే కోస్తాయి. వరదనీరు పగుళ్ళు ఉన్న దారినే ఎంచుకొని దానిని లోతుచేస్తుంది. నీరు మెట్టుమీదినుండి దూకిన చోట గులకరాళ్ళు సుడిలో చిక్కి, తిరగలి రాయివలె గిరగిర తిరుగుతూ అడుగును అరగదీస్తాయి. అలా ఏర్పడినదే గుండం. వర్షం లేని నెలలలో కూడ కొన్ని గుండాలలో నీరుండడానికి కారణం వేరు. వాగు అడుగున గులకరాళ్ళ క్రింద నీరు మెల్లగా ప్రవహిస్తూనే ఉంటుంది. గట్టి రాతి అడ్డు తగిలిన చోట పైకి ఉబుకుతుంది.

ఫుజైరాలోని వాదీ వురయ్యాలో ఏడాది పొడవునా నీరుంటుంది. దానిని 2009లో రక్షితప్రాంతంగా ప్రకటించారు. 2018లో యునెస్కో జీవావరణ రక్షితప్రాంతాల జాబితాలో చేర్చింది. అక్కడి గుండాలలో గార్రా అనే చిన్న చేపలు, రెండు జాతుల కప్పలు జీవిస్తాయి. ఒమాన్‌లోని అల్ హూతా గుహలో గార్రా ప్రజాతికే చెందిన చేపలు చీకటిలో తరతరాలుగా బ్రతికి చూపు కోల్పోయాయి. ఇంత చిన్న మడుగులలో సబ్బు, నూనె, ఆహారపు వ్యర్థాలు కలిస్తే వాటికి తప్పించుకొనే చోటుండదు. వాదీ వురయ్యాలో సాధారణ సందర్శనను నిలిపివేయడానికి కారణం ఈ రక్షణ అవసరమే. అటు వెళ్ళదలచినవారు ముందుగా అనుమతి విషయం విచారించుకోవాలి.

ఒక చిన్న లెక్క

తెలుగుదేశంలో వాన పడితే మట్టి కొంత త్రాగుతుంది. చెరువులు కొంత ఆపుతాయి. హజర్ కొండలమీద మట్టి బహుస్వల్పం, చెట్లు అరుదు. పడిన నీరు రేకుల కప్పుమీద పడినట్లు జారిపోతుంది.

పిల్లలు ఈ లెక్కను కాగితంమీద చేసి చూడవచ్చు. ఒక వాగుకు 20 చదరపు కిలోమీటర్ల పరీవాహకప్రాంతం ఉన్నదనుకుందాం. అక్కడ 20 మిల్లీమీటర్ల వాన కురిస్తే మొత్తం నీరు 4 లక్షల ఘనపు మీటర్లు. అందులో సగం వాగులోకి వచ్చి, రెండు గంటలలో పారిపోయిందనుకుంటే, సెకనుకు సుమారు 28 ఘనపు మీటర్ల ప్రవాహం. అది 5 మీటర్ల వెడల్పు గల గండిలో సెకనుకు 3 మీటర్ల వేగంతో పోవాలంటే లోతు 1.85 మీటర్లు ఉండాలి; అనగా మనిషి నిలువెత్తు. నిజమైన వరద రెండు గంటలపాటు సమంగా పారదు. మొదటి నిమిషాలలోనే గోడవలె వచ్చిపడవచ్చు.

ఇక్కడ గమనించవలసిన ముఖ్యవిషయం ఒకటున్నది. ఆ 20 చదరపు కిలోమీటర్లు గండిలో నిలబడినవారికి కనిపించవు. వారి నెత్తిమీద ఆకాశం నిర్మలంగా ఉండగానే, ఎగువన కొండవెనుక వాన కురిసి ఉండవచ్చు. చలికాలంలో పడమటినుండి వచ్చే మేఘాలే కాక, వేసవి మధ్యాహ్నాలలో కొండలమీదనే పుట్టే మేఘాలు కూడ హఠాత్తుగా కురుస్తాయి. 2022 జూలై చివర తూర్పుతీరంలో వచ్చిన వరదలలో ఏడుగురు ఆసియా దేశస్థులు మరణించారు. 2024 ఏప్రిల్ 16న అల్ ఐన్ ప్రాంతంలోని ఖత్మ్ అల్ షక్లాలో ఒక్కరోజులోపే 254.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. 1949లో రికార్డులు మొదలైననాటినుండి దేశంలో అంతటి వర్షం లేదు. వర్షవేళలో వాదీల వద్ద గుమికూడడం, పొంగే వాదీలోకి వాహనం నడపడం నేరాలుగా 2023లోనే ప్రభుత్వం నిర్ణయించింది. రెండవదానికి 2,000 దిర్హాముల జరిమానాతో పాటు 60 రోజులు వాహనాన్ని స్వాధీనం చేసుకుంటారు.

రాతిని చదివే విధం

గండిలో ప్రవేశించగానే ముందు గోడలను చూడాలి. తలకంటె ఎత్తున పుల్లలు, ఎండుగడ్డి చిక్కుకొని ఉంటే, గతంలో వరద అంతవరకు వచ్చిందని అర్థం. నడుస్తున్నంతసేపు పైకి ఎక్కగల చోట్లను గుర్తుంచుకోవాలి. సన్నగా పారే నీరు ఉన్నట్లుండి బురదరంగు తిరిగినా, ఎగువనుండి లారీ వస్తున్నటువంటి మ్రోత వినిపించినా, సామాను వదిలి వెంటనే పైకెక్కాలి. వాగు అడుగున గుడారం వేయరాదు, కారు నిలుపరాదు. బయలుదేరేముందు జాతీయ వాతావరణ కేంద్రం ప్రకటన చూసుకొని, తిరిగివచ్చే వేళ ఇంటివద్ద ఒకరికి చెప్పి వెళ్ళాలి. ఆపదలో పోలీసుల సంఖ్య 999. అయితే గండిలోపల ఫోను పనిచేయకపోవచ్చు.

గుండంలో తలక్రిందుగా దూకడం ఎన్నడూ తగదు. వరద వచ్చినప్పుడల్లా అడుగున రాళ్ళు చేరుతాయి, లేదా కొట్టుకుపోతాయి. కాబట్టి నిరుటి లోతు ఈ ఏడు ఉండదు. గోడలు నున్నగా అరిగి ఉంటాయి గనుక, దిగేముందే ఎక్కే దారి చూసుకోవాలి. గుహలోకి ఒంటరిగా వెళ్ళరాదు; ఒక దీపం ఆరిపోతే మరొకటి ఉండాలి; మేఘం పట్టిననాడు బిలంవైపే పోరాదు.

పెన్నానది గండిలోను, హజర్ వాగులలోను పనిచేసినది ఒకే శక్తి. ఇక్కడ అది అరుదుగా వస్తుంది. వచ్చినపుడు తొందరగా వస్తుంది. ఎండిన వాగు చచ్చిన వాగు కాదన్న సంగతి పిల్లలకు ఆ రాళ్ళనే చూపి చెబితే, ఆ విహారయాత్రే వారికి మంచి భూగోళపాఠం కాగలదు.