ఎన్ని ఉన్నాయి? ఎంత ఉంది?

మన రామసముద్రంలో 'ఉండాది, ఉండాయి, ఉండారు' అంటాం. రాసేటప్పుడు ఇలా రాస్తాం. చదవండి.

ఒక ఆవు ఉంది.
రెండు ఆవులు ఉన్నాయి.
ముగ్గురు కూలీలు ఉన్నారు.

లెక్కపెట్టే వస్తువులకు 'ఎన్ని' అని అడుగుతాం. మనుషులకు 'ఎంతమంది'. బరువుకు, ధరకు 'ఎంత'.

మా అమ్మ ఒకసారి మదనపల్లెకు 20 బాక్సుల టమోటాలు తోలింది. మండీ చీటీలో 19 అని ఉంది. అమ్మకు చదవడం రాదు. ఇంటికొచ్చినాక నేను చూసినాను. ఏం లాభం? ఒక బాక్సు డబ్బు పోయింది.

మీరు చీటీని అక్కడే చదవండి. బాక్సులు ఎన్ని? ధర ఎంత? రెండూ చూడండి.

జవాబులు రాయండి:
1. మీ ఇంట్లో ఎంతమంది ఉన్నారు?
2. కోళ్లు ఎన్ని ఉన్నాయి?
3. రాగిపిండి ఎంత ఉంది?