చూచిన మాట, తోచిన మాట

జనగామ

చిరంజీవి మేనల్లునకు మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

భూపాలపల్లి నుండి నీవు వ్రాసిన ఉత్తరమందినది. బొగ్గుబాయిలో షిఫ్టు ముగించుకొని గదికి చేరిన పిదప, స్నేహితులతో గూడి చూచుచున్న సినిమాలను, టీవీ ధారావాహికలను, చదువుచున్న బొమ్మల కథలను గూర్చి నీవు వెలిబుచ్చిన అభిప్రాయములను చదివి వినోదించితిని. "ఆ సినిమా చెత్త", "ఈ సీరియల్ ఏడుపుగొట్టు", "బొమ్మల కథలు పిల్లల వ్యవహారము" అని మూడు తీర్పులను మూడు పంక్తులలో ముగించితివి గాని, ఏమి చూచి అట్లనుచున్నావో ఒక్కచోటనైనను చెప్పవైతివి. తోచినది చెప్పుట అభిమానికి జన్మహక్కు. దానిని నేను కాదనను. చూచినది ముందు చెప్పి, తోచినది తరువాత చెప్పుమన్నదే నా సలహా.

బొమ్మల కథలనే తీసికొందము. మన జనగామకు చేరువనున్న చేర్యాలలో నకాషీ చిత్రకారులు ఖద్దరు గుడ్డకు సుద్దమన్ను, చింతగింజల జిగురు పట్టించి, ఎర్రని నేపథ్యముపై కులపురాణములను వరుసలు వరుసలుగా చిత్రించి, వరుసకు వరుసకు నడుమ పూలతీగలను అంచుగా దీర్తురు. ఆ పటమును వ్రేలాడదీసి, ఒక్కొక్క వరుసనే విప్పి చూపుచు, పద్మశాలీల యెదుట కూనపులివారు మార్కండేయ పురాణమును, మాదిగల యెదుట డక్కలివారు జాంబపురాణమును వినిపింతురు. పటములోని బొమ్మ కదలదు. ఒక ఘట్టము నుండి మరియొక ఘట్టమునకు కదలవలసినది చూపరి కన్ను, నడుమ జరిగినదానిని పూరించుకొనవలసినది అతని మనస్సు. బుజ్జాయిగారి బొమ్మల కథ 'డుంబు'ను చూచినను ఈ పని తప్పదు. ఇంత శ్రమ కోరు కళను పిల్లల వ్యవహారమని త్రోసివేయుట తొందరపాటు.

సినిమాలో నీ దృష్టి కథానాయకుని దాటుట లేదు. బి. నర్సింగరావుగారి 'దాసి' (1988) ఒకమారు చూడుము. తెలంగాణపు గడీలో వెట్టి బ్రతుకు బ్రతికిన యువతి కథ అది. అందులో నటించిన అర్చనకు ఉత్తమనటిగా జాతీయ పురస్కారము లభించినదని పలువురెరుగుదురు. అదే చిత్రమునకు కళాదర్శకత్వమునకై వైకుంఠంగారికిని, దుస్తుల రూపకల్పనకై సుదర్శన్‌గారికిని జాతీయ పురస్కారములు వచ్చినవని ఎరిగినవారు తక్కువ. గడీ గోడలను, దాసి చీరకట్టును చూడక, కథ నెమ్మదిగా నడచినదని మాత్రమే చెప్పువాడు సగము చిత్రమును చూడనేలేదు.

అభిమానము వివేకమునకు అడ్డు రాగూడదు. 1943 నాటి వాహినీవారి 'భక్త పోతన'లో నాగయ్యగారి నటనకును గానమునకును చేతులెత్తి మ్రొక్కుదును. అంతమాత్రమున శ్రీనాథుడు పోతనకు బావమరిది అను జనశ్రుతిని చరిత్రగా ఒప్పుకొనవలసిన పని లేదు. బమ్మెర మన పాలకుర్తి చెంతనే యున్నది గనుక, పోతన మావాడన్న మమకారముతో ఆ చిత్రములోని లోపములను మన్నింపవలసిన పనియు లేదు. సినిమాయే నీచమనువారును నీకు తారసపడుదురు; మానుకోట సీమలోని చిన్నగూడూరున పుట్టి, నిజాము చెరసాలలో పద్యములల్లిన దాశరథి 1961 నుండి సినిమాలకు పాటలు వ్రాసిరని వారికి చెప్పుము.

ఇక టీవీ సంగతి. 1987 జనవరి 25న దూరదర్శనులో 'రామాయణము' ప్రారంభమైనది మొదలు, ఆదివారము ఉదయము టీవీ ఉన్న ఇంటికి లేనివారందరు చేరుచుండిరి. పదిమంది ఒకచోట కూర్చుండి చూచుటచే, నచ్చలేదన్నవానిని ప్రక్కవాడు "ఏల?" అని నిలదీయుచుండెను. నేడు ఎవరి సెల్‌ఫోను వారిదైనందున ఆ ప్రశ్న వేయువాడు లేడు. నీకు నీవే వేసికొనవలెను. నీవు చూచిన సీరియల్‌ను గూర్చియైతే, కోడలి చెంపపై పడిన ఒక్క దెబ్బకు, ఇంటిల్లిపాది ముఖములను ఉరుముల చప్పుడుతో మూడేసి మార్లు చూపిరని వ్రాయుము. 'ఏడుపుగొట్టు' అని నీవు వ్రాయకున్నను నాకు బోధపడును.

రాబోవు ఉత్తరములో ఒక్క చిత్రమునే తీసికొని, అందు నీ కంటబడిన మూడు విషయములను వ్రాసి, ఆపై తీర్పు చెప్పుము. నీ మిత్రునకు అదే చిత్రము నచ్చినచో, అతని వాదమును కూడ న్యాయముగా రెండు పంక్తులు వ్రాయుము. హీరోల కొరకు స్నేహితులతో తగవు పడకుము. ఆ హీరోలెవ్వరును మీ తగవు తీర్చుటకు రారు. బతుకమ్మ పండుగకు వచ్చినప్పుడు అందరము కలసి 'దాసి' చూతము. నీవు ఒప్పుకొననిచోట నాతో వాదింపవచ్చును. మీ అమ్మను అడిగితినని చెప్పుము.

ఇంతే సంగతులు.

ఇట్లు,
ఆశీస్సులతో
మీ మామయ్య