అక్వేరియంలో ఒక్క తొట్టె ముందు పది నిమిషాలు



సెలవుల్లో పిల్లల్ని అక్వేరియానికి తీసుకెళ్లే కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. విశాఖపట్నం వెళ్తే బీచ్ రోడ్డులోని మత్స్యదర్శిని చూడాల్సిందేనని పిల్లలు పట్టుబడతారు. అయితే లోపలికి వెళ్లాక మన మాటలు చాలాసార్లు ఇలా ఉంటాయి: "ఇదేంటి? రంగు చెప్పు. ఫిష్ స్పెల్లింగ్ చెప్పు. సరే, పద, ఇంకా చాలా ఉన్నాయి." ఇరవై నిమిషాల్లో తొట్టెలన్నీ అయిపోతాయి. ఫోన్ నిండా ఫొటోలు ఉంటాయి. ప్రశ్నలన్నీ మనమే అడిగాం కాబట్టి, పిల్లలు అడగాలనుకున్నది వాళ్ల నోట్లోనే ఉండిపోతుంది.

నర్సరీ నుంచి రెండో తరగతి వరకు ఉన్న పిల్లలు చూసిన ప్రతిదాని గురించి అడుగుతారు. ప్రతిసారీ "తర్వాత చెప్తాలే" అనే జవాబే వస్తే, మెల్లగా అడగడం మానేస్తారు. పెద్ద తరగతులకు వచ్చాక "మా వాడు క్లాసులో డౌట్ అడగడు మేడమ్" అని మీరే బాధపడతారు. ఆ అలవాటును కాపాడుకోవడానికి అక్వేరియం మంచి చోటు.

ఒక తొట్టె ఎంచుకోనివ్వండి

ముందు అన్నీ ఒకసారి చుట్టి రండి. తర్వాత "నీకు ఏది నచ్చింది?" అని అడిగి, ఆ తొట్టె దగ్గరికే మళ్లీ వెళ్లండి. పిల్లల ఎత్తుకు కూర్చోండి. ఫోన్ జేబులో పెట్టండి. పది నిమిషాలు అక్కడే ఉండండి. మొదటి రెండు నిమిషాలు ఏమీ అడగకండి. చీకటి గది చూసి భయపడే చిన్నపిల్లల్ని ఎత్తుకోండి, తొందరపెట్టకండి.

వాళ్లు అడిగే ప్రశ్నలు, మీరు చెప్పగలిగే జవాబులు

"చేప ఎప్పుడూ నీళ్లు తాగుతూనే ఉందేంటి?" తాగడం కాదు, ఊపిరి తీసుకుంటోంది. నోట్లోకి వెళ్లిన నీరు తల పక్కనున్న మొప్పల మీదుగా బయటికి పోతుంది. నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ను మొప్పలు తీసుకుంటాయి. మొప్ప మూత నిమిషానికి ఎన్నిసార్లు తెరుచుకుంటుందో ఇద్దరూ కలిసి లెక్కపెట్టండి. పెద్ద చేపకు, చిన్న చేపకు తేడా ఉందేమో చూడండి.

"ఈ చేప పైకి వచ్చి వెళ్తోంది, ఎందుకు?" తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను అలాగే చేస్తుంది. మొప్పలతో పాటు, నేరుగా గాలి పీల్చుకునే ఏర్పాటు కూడా దానికి ఉంది. అందుకే నీళ్లు తగ్గిన చెరువులోనూ బతకగలదు. మార్కెట్లో తొట్టెలో ప్రాణంతో అమ్మే కొర్రమీనును మీ పిల్లలు చూసే ఉంటారు.

"చేప నిద్రపోదా?" విశ్రాంతి తీసుకుంటుంది. చాలా చేపలకు కనురెప్పలు ఉండవు, కాబట్టి కళ్లు మూసుకోవు.

"అద్దం కొడితే ఎందుకు తిడతారు?" శబ్దం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు వెళ్తే, నీటిలో సుమారు 1,500 మీటర్లు వెళ్తుంది. నీటి కదలికను చేపలు ఒంటి పక్కన ఉండే సన్నని గీతతో కూడా పసిగడతాయి. మనం సరదాగా కొట్టిన దెబ్బ వాటికి బెదురు. "కొట్టకు" అని గద్దించే బదులు ఈ కారణం చెప్పి చూడండి.

తెలియని ప్రశ్న వస్తే "నాకూ తెలియదు, ఇంటికెళ్లి చూద్దాం" అనండి. ఆ మాట మరిచిపోకుండా చూడండి కూడా.

అదే రోడ్డులో ఇంకో పాఠం

మత్స్యదర్శిని ఉన్న బీచ్ రోడ్డులోనే ఐ.ఎన్.ఎస్. కుర్సురా జలాంతర్గామి ఉంది. 1969లో నౌకాదళంలో చేరిన ఈ జలాంతర్గామి 2001లో విరమించి, 2002లో మ్యూజియంగా మారింది. జలాంతర్గామి ట్యాంకుల్లోకి నీరు నింపుకుని మునుగుతుంది, గాలితో ఆ నీటిని బయటికి నెట్టి తేలుతుంది. చాలా చేపల ఒంట్లోనూ గాలి తిత్తి ఉంటుంది. అందులో గాలి పెరిగితే చేప తేలిక, తగ్గితే బరువు. ఇంట్లో చిన్న స్టీల్ డబ్బాకు మూత గట్టిగా పెట్టి బకెట్ నీళ్లలో వదలండి. తర్వాత దాని నిండా నీళ్లు పోసి మళ్లీ వదలండి. ఏమవుతుందో ముందే పిల్లల్నే ఊహించి చెప్పమనండి.

ఇబ్బంది పెట్టే ప్రశ్నలు

"అమ్మా, మనం ఆదివారం తినేది దీన్నేనా?" చేపలు వండే ఇళ్లలో ఈ ప్రశ్న తప్పదు. నవ్వేసి మాట మార్చకండి. "ఇది కాదు, కానీ మనం తినేవీ చేపలే" అని నెమ్మదిగా చెప్పండి. ఆ వారం వద్దంటే బలవంతం చేయకండి. తినని ఇళ్లలో "వాళ్లు చెడ్డవాళ్లా?" అని అడగవచ్చు. చేపల మీదే బతికే కుటుంబాలు మన తీరం పొడవునా ఉన్నాయని చెప్పండి.

తొట్టెలో చచ్చిన చేప కనిపిస్తే "నిద్రపోతోంది" అనకండి. రాత్రి పడుకోవడానికి భయపడే పిల్లలు ఉంటారు. "చనిపోయింది, ఇక కదలదు" అని చెప్పి, చెయ్యి పట్టుకోండి. వాళ్లు ఏడిస్తే ఏడవనివ్వండి.

ఇంటికి వచ్చాక

వ్యాసం రాయమని కూర్చోబెట్టకండి. తమకు నచ్చిన ఒక్క చేప బొమ్మ గీయమనండి. అమ్మమ్మకో తాతయ్యకో ఫోన్ చేసి, చూసింది వాళ్లనే చెప్పనివ్వండి. మధ్యలో సరిదిద్దకండి. జవాబు దొరకని ప్రశ్న ఏదైనా మిగిలితే ఆ బొమ్మ వెనుక రాసి, స్కూల్ తెరిచాక బ్యాగులో పెట్టి పంపండి. క్లాస్ టీచర్ దాన్ని మిగతా పిల్లల ముందు ఉంచుతారు.