సాక్షి సంతకము

చదువవలసిన భాగములు: దానియేలు 1:8–16, యోహాను 5:1–9



కొంతకాలము క్రిందట మన సంఘములోని ఒక వృద్ధ విధవరాలు చేతిలో కాగితములతో నా యింటికి వచ్చెను. ఆమెకు చదువు రాదు. ఆసుపత్రివారు తనను ఒక పరిశోధనలో చేర్చుకొందురనియు, చదువుకొన్నవారొకరు సాక్షి సంతకము చేయవలెననియు చెప్పెను. ఆమె వేలిముద్ర అప్పటికే పడియుండెను. నేనొక వివాహమునకు త్వరపడుచు, చదువకయే సంతకము చేసితిని. నెల దాటిన తరువాత ఆమె, “అయ్యగారూ, మీరు దస్కతు చేసిన కాగితంల ఏం రాసుండె?” అని అడిగినప్పుడు నాకు జవాబు లేకపోయెను. ఈ నెల పాఠము ఆ సిగ్గులోనుండి పుట్టినది.

1. పరిశోధన పాపము కాదు

మన పేట్ బషీరాబాదునకు దూరము కాని శామీర్‌పేట ప్రాంతమందు, తుర్కపల్లి యొద్ద, జీనోమ్ వ్యాలీ యున్నది. అచ్చటి భారత్ బయోటెక్ వారు కోవిడ్ వ్యాధికి కోవాక్సిన్ టీకా చేసిరి. 2020 నవంబరులో మొదలైన మూడవ దశ పరీక్షలో 25,800 మందిని చేర్చుకొనిరి. వారిలో సగము మందికి టీకా, సగము మందికి మందు లేని సూది. ఎవరికి ఏది పడినదో పొందినవారికి గాని వేసినవారికి గాని తెలియదు. అట్లయితేనే టీకా గుణము నిజముగా తేలును. మనకంటె ముందుగా చేయి చాపిన ఆ అపరిచితులకు మనము ఋణపడియున్నాము.

దానియేలు గ్రంథమందును ఒక పరీక్ష కలదు. కొందరు శాకధాన్యములు తిని నీళ్లు త్రాగిరి. తక్కిన యౌవనులు రాజు భోజనము తినిరి. పది దినములైన తరువాత ఇరువురి ముఖములను పోల్చి చూచిరి. అయితే ఒక సంగతి గమనించుడి: ఆ పరీక్షను కోరినవాడు దానియేలే. అతని పక్షమున మరియొకడు తలయూపలేదు.

2. ఖమ్మము జిల్లాలో జరిగినది

2009 జూలైలో, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మము జిల్లా భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములలో, 10 మొదలు 14 ఏండ్ల బాలికలు సుమారు 14,000 మందికి హెచ్‌పీవీ టీకా వేయ మొదలుపెట్టిరి. పాత్ అను అంతర్జాతీయ సంస్థయు, భారత వైద్య పరిశోధన మండలియు, రాష్ట్ర ప్రభుత్వమును కలిసి దీనిని నడిపిరి. ఉద్దేశము మంచిదే. స్త్రీల గర్భాశయ ముఖద్వార క్యాన్సరునకు ఈ వైరస్ కారణమని కనుగొన్న జర్మనీ శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ జూర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమానము వచ్చెను. ఆ టీకా నేడు అనేక దేశములలో స్త్రీలను కాపాడుచున్నది.

గుజరాత్‌లోను ఇదే కార్యక్రమము జరిగెను. రెండు రాష్ట్రములలో కలిపి ఏడుగురు బాలికలు మరణించగా, 2010 ఏప్రిలులో దీనిని నిలిపివేసిరి. ఆ మరణములకు టీకా కారణము కాకపోవచ్చునని విచారణ సంఘము చెప్పెను. కాని అంగీకార పత్రములను తెరచి చూడగా వేరొక సంగతి బయటపడెను. ఇచ్చట పరిశీలించిన 9,543 పత్రములలో 1,948 వేలిముద్రలు. 2,763 పత్రముల మీద హాస్టల్ వార్డెన్ల సంతకములు! తలిదండ్రులు అడవి పల్లెలలో ఉండగా వారి బిడ్డల పక్షమున వార్డెను “సరే” అనెను. ఇది అనుమతి పొందిన టీకాయే గనుక క్రొత్త మందు ప్రయోగము కాదని నడిపినవారు వాదించిరి. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘము ఆ వాదమును ఒప్పుకొనక గట్టిగా తప్పుపట్టెను.

టీకాలను మానుకొమ్మని నేను చెప్పుట లేదు. అడుగవలసినవారిని అడుగకపోవుటయే ఇచ్చట దోషము. ఆ వార్డెనులు దుర్మార్గులని తలంచెదరా? నావలెనే త్వరలో ఉన్నవారు కావచ్చును.

3. ప్రభువు అడిగిన విధము

బేతెస్ద కోనేటియొద్ద ముప్పది యెనిమిది ఏండ్లనుండి రోగియైన మనుష్యుడు పడియుండెను. అతనికి ఏమి కావలెనో ప్రభువునకు తెలియదా? అయినను బాగుపడవలెనని అతనికున్నదా అని ముందుగా అతనినే అడిగెను. బీదవానిని ప్రశ్న అడుగుట అతనిని మనుష్యునిగా ఎంచుట.

4. తెలిసికొనవలసిన హక్కులు

2019లో మన దేశమందు క్రొత్త మందుల, క్లినికల్ పరీక్షల నియమములు వచ్చెను. వాటి ప్రకారము:

పరీక్ష యేమిటో, అపాయమేమిటో మనకు తెలిసిన భాషలో చెప్పవలెను. చేరనని చెప్పవచ్చును, చేరిన తరువాతను మానుకొనవచ్చును, అందువలన మామూలు వైద్యము ఆగరాదు. పరీక్షవలన హాని కలిగినయెడల ఉచిత వైద్యమును, నష్టపరిహారమును ఇయ్యవలెను. పరీక్షను నైతిక సంఘము ముందుగా ఆమోదించవలెను; అందులో వైద్యులే గాక సామాన్యుడొకడు, స్త్రీ యొకతె, న్యాయము తెలిసినవారును ఉండవలెను. చదువురాని వారికి వివరించుచున్నంతసేపు నిష్పక్షపాతియైన సాక్షి అచ్చటనే ఉండవలెను.

ఈ చివరి మాట నన్ను గుచ్చెను. వివరించినప్పుడు నేను అచ్చట లేనే లేను.

దినభత్యము కొరకు ఒక పరీక్షనుండి మరియొక పరీక్షకు పోవు యౌవనులారా, పోయిన పనిదినమునకు సొమ్ము పుచ్చుకొనుట తప్పు కాదు; అయితే కాగితము చదువకముందే సొమ్ము లెక్కపెట్టకుడి.

తరువాత నేను ఆ తల్లితో ఆసుపత్రికి వెళ్లితిని. డాక్టరుగారు కాగితమంతయు తెలుగులో చెప్పిరి. అది నెలకొకసారి రక్తము తీసి చూచు పరిశోధన. ఆమె కొంతసేపు ఆలోచించి, “మంచిదే, నేనుంట” అనెను. ఆ మాట ఆమెది. అప్పుడు నేను తిరిగి సంతకము చేసితిని.

కుటుంబ కూటములలో మాటలాడుటకు:

1. దానియేలును ఆ పరీక్షకు ఎవరైన బలవంతపెట్టిరా?
2. మన పిల్లల హాస్టళ్లలో మనకు తెలియక మన పేరట సంతకములు పడుచున్నవా?
3. చదువు వచ్చినవారమైన మనము ఎవరికొరకు నిదానముగా ఒక కాగితము చదివి పెట్టగలము?