ఆడిట్ వస్తోంది, స్కాలర్‌షిప్ బీరువా తాళం తీయండి
(ఫీజు రీయింబర్స్‌మెంట్ రికార్డులపై తరచూ అడిగే ప్రశ్నలు)

ఫలానా తేదీన ఆడిట్ బృందం వస్తుందని లేఖ అందగానే చాలా కాలేజీల్లో మొదట జరిగే పని కొత్త ఫైలు అట్టలు తెప్పించడం. అట్టలు చూసి ఏ ఆడిటరూ మురిసిపోడు. పిల్లవాడు నిజంగా ఉన్నాడా, అర్హుడేనా, క్లాసుకు వచ్చాడా, డబ్బు చేరాల్సిన చోటికి చేరిందా అన్నవే ఆయనకు కావాలి. తెలంగాణలో ఈపాస్ పోర్టల్ అయినా, ఆంధ్రప్రదేశ్‌లో జ్ఞానభూమి పోర్టల్ అయినా వెతుకులాట ఇదే. ఇక్కడి జవాబులు ముఖ్యంగా స్కాలర్‌షిప్ సెక్షన్ చూసేవారి కోసం. విద్యార్థులకు పనికొచ్చేవి చివర్లో ఉన్నాయి.

ప్రశ్న: మాది ప్రైవేటు కాలేజీ. మా పుస్తకాలు చూసే అధికారం వాళ్లకెక్కడిది?

కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) విధులు, అధికారాల చట్టం 1971లో వచ్చింది. ప్రభుత్వ ఖజానా నుంచి ఒక నిర్దిష్ట ప్రయోజనం కోసం గ్రాంటు పొందిన సంస్థ పుస్తకాలను, ముందుగా తగిన నోటీసు ఇచ్చి చూసే హక్కు 15వ సెక్షన్‌లో ఉంది. ‘ఇది గ్రాంటు కాదు, విద్యార్థికి ఇచ్చిన సాయం’ అని వాదించే యాజమాన్యాలున్నాయి. ఆ వాదన మీద ఆశ పెట్టుకోవద్దనే చెబుతాను. ఆడిటర్ మీ గడప తొక్కకపోయినా, డబ్బు మంజూరు చేసిన సంక్షేమ శాఖ ఫైళ్లు ఎలాగూ చూస్తాడు. అక్కడ తేడా కనబడితే ఆ శాఖ అధికారే మీ కాలేజీకి వస్తారు. పైగా ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ పథకాన్ని 2020 డిసెంబర్‌లో కేంద్రం సవరించినప్పుడు, ప్రతి విద్యాసంస్థ ఆరు నెలలకోసారి స్వయంగా ఆడిట్ చేసుకుని నివేదిక ఇవ్వాలని, సామాజిక తనిఖీలు కూడా జరగాలని పెట్టింది. అంటే తనిఖీకి సిద్ధంగా ఉండటం ఎప్పుడో ఒకసారి వచ్చే పని కాదు.

ప్రశ్న: ఒక్కో విద్యార్థి ఫైల్లో ఏమేం ఉండాలి?

సంతకంతో కూడిన దరఖాస్తు ప్రింటు, కుల, ఆదాయ ధ్రువీకరణ పత్రాలు, టీసీ, అంతకుముందు చదువుల మార్కుల మెమోలు, అలాట్‌మెంట్ ఆర్డరు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ. రెన్యువల్ అయితే కిందటి ఏడాది మెమో, ప్రమోట్ అయినట్టు ఆధారం. మధ్యలో చదువు ఆగి ఉంటే ఆ గ్యాప్‌కు కారణం చూపే కాగితం.

అలాట్‌మెంట్ ఆర్డరును తేలిగ్గా తీసుకుంటారు, అక్కడే దెబ్బ తగులుతుంది. కన్వీనర్ కోటాలో వచ్చినవారిని, మేనేజ్‌మెంట్ కోటాలో చేరినవారిని విడదీసి చూపేది అదొక్కటే. ఒక డిగ్రీ అయిపోయి మళ్లీ అదే స్థాయి కోర్సులో చేరినవారు పథకానికి అర్హులు కారు. పాత టీసీ, మెమోలు ఫైల్లో ఉంటే ఆ సంగతి మంజూరుకు ముందే బయటపడుతుంది.

ప్రశ్న: ఆదాయ పత్రం ఇచ్చేది తహసీల్దారు. అది తప్పయితే మా పూచీ ఏమిటి?

విచారణ చేసి ఆదాయం తేల్చే పని మీది కాదు. కానీ కాగితం అసలైనదో కాదో చూసే పని మీదే. మీసేవ నంబరు కొట్టి చూస్తే రెండు నిమిషాల్లో తెలుస్తుంది. అలా చూసినట్టు ఫైలు మీద తేదీ, పొట్టి సంతకం పెట్టండి, ఆ సంతకమే తర్వాత మిమ్మల్ని కాపాడుతుంది. తెలంగాణలో బీసీ, ఈబీసీలకు ఆదాయ పరిమితి పల్లెల్లో 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షలు. అందుకే 1.8 లక్షల పత్రం చూసిన ఆడిటర్ చూపు వెంటనే చిరునామా మీదికి పోతుంది. కేంద్రం ఎస్సీ పథకంలో పరిమితి 2.5 లక్షలు. ఏ విద్యార్థి ఏ పథకం కింద ఉన్నాడో ఫైలు పైనే రాసి ఉంటే సగం ప్రశ్నలు పుట్టవు.

ప్రశ్న: అన్నిటికంటే ఎక్కువ అభ్యంతరాలు దేనిమీద వస్తాయి?

నన్నడిగితే హాజరు మీదే. 75 శాతం హాజరు లేకపోతే చెల్లింపు లేదు. ఆ శాతం నిజమైనదేనా అని తేల్చుకోవడానికి ఆడిటర్‌కు పెద్ద తెలివితేటలు అక్కర్లేదు, రెండు కాగితాలు పక్కపక్కన పెడితే చాలు. మిడ్ పరీక్షకు గైర్హాజరైనవారి జాబితా ఒకవైపు, అదే రోజు హాజరు పట్టీ ఒకవైపు. పరీక్ష రాయని పిల్లవాడు అదే పూట క్లాసులో కూర్చున్నట్టు ఉంటే కథ అక్కడే తేలిపోతుంది. కనుమ నాడు కూడా అరవై మందికి అరవై మందీ హాజరైన రిజిస్టర్లుంటాయి. మూడు నెలల పట్టీ ఒకే పెన్నుతో, ఒకే ఒత్తిడితో, ఒక్క కొట్టివేతా లేకుండా ఉందంటే అది క్లాసులో పుట్టింది కాదు, ఆఫీసులో ఒక్క మధ్యాహ్నం పుట్టింది. నిజమైన రిజిస్టర్ నలిగి ఉంటుంది. ఆలస్యంగా వచ్చినవాడికి ముందు గైర్హాజరు వేసి, కొట్టేసి, పక్కన లెక్చరర్ పొట్టి సంతకం పెట్టి ఉంటారు. ఆడిటర్ దాన్నే నమ్ముతాడు.

బయోమెట్రిక్ ఉన్నచోట మరో చిక్కు. యంత్రం చెప్పే శాతం వేరు, పట్టీ చెప్పే శాతం వేరు. వేలిముద్ర పడని పిల్లలుంటారు, కరెంటు పోయిన రోజులుంటాయి. అలాంటివి ఆ రోజే ఒక నోట్‌బుక్‌లో రాసి ప్రిన్సిపల్ సంతకం తీసుకోండి. ఆర్నెల్ల తర్వాత ‘ఆ రోజు మెషిన్ పనిచేయలేదండీ’ అంటే నమ్మేవారుండరు.

ప్రశ్న: ఖాళీగా ఉన్న పట్టీలను ఇప్పుడు నింపేయొచ్చా?

వద్దు. యాజమాన్యం చెప్పినా వద్దు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఫోర్జరీకి 336, ఫోర్జరీ పత్రాన్ని అసలుదిగా వాడినందుకు 340 సెక్షన్లున్నాయి. ఇప్పుడు పాత తేదీలు వేసి నింపిన పట్టీ వాటి దాకా పోగలదు, అప్పుడు రాత ఎవరిదో వెతుక్కుంటూ వస్తారు. లేనిది లేదని ఈరోజు తేదీతోనే నోట్ పెట్టండి: ఫలానా సెక్షన్, ఫలానా నెల పట్టీ దొరకలేదు, దానికి బదులు ల్యాబ్ రికార్డులు, పరీక్ష హాజరు జతచేస్తున్నాం అని. దానికి ఆడిట్ రిపోర్టులో ఒక పేరా రావచ్చు, అంతే. దొంగ రికార్డు దొరికితే పేరాతో ఆగదు, మిగతా ఫైళ్లన్నీ తిరగేస్తారు.

ప్రశ్న: నవంబర్‌లో చేరి జనవరిలో మానేసిన విద్యార్థి సంగతి?

పోర్టల్‌లో వెంటనే డిస్‌కంటిన్యూ చూపాలి. డిటెయిన్ అయినవారికీ అంతే, అదే ఏడాదిని రెండోసారి చదివితే మళ్లీ డబ్బు రాదు. మానేశాక కూడా సొమ్ము పడి ఉంటే దాన్ని చలానుతో తిరిగి కట్టి, ఆ ప్రతిని ఫైల్లో పెట్టండి. అడగకముందే కట్టిన మొత్తానికి, అడిగించుకుని కట్టిన మొత్తానికి ఆడిట్‌లో చాలా తేడా ఉంటుంది.

ప్రశ్న: డబ్బు లెక్క ఎలా చూపాలి?

విద్యార్థి పేరున ఒక లెడ్జరు పేజీ తెరిచి, కట్టాల్సిన ఫీజు, ప్రభుత్వం నుంచి వచ్చింది, విద్యార్థి కట్టింది, బాకీ అని నాలుగు గళ్లు గీయండి. కట్టాల్సిన ఫీజు అంటే మీ బ్రోషర్‌లో అచ్చేసింది కాదు, తెలంగాణలో ప్రవేశాలు, ఫీజుల నియంత్రణ కమిటీ (టీఏఎఫ్‌ఆర్‌సీ), ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నత విద్యా నియంత్రణ కమిషన్ సిఫారసుతో ప్రభుత్వం ఖరారు చేసింది.

తెలంగాణలో ఇంజనీరింగ్ బీసీ, ఈబీసీ విద్యార్థికి ర్యాంకు 10,000 దాటితే 35,000 రూపాయలే వస్తాయి. మిగతాది విద్యార్థి కట్టాలి, దానికి రశీదు ఉండాలి. ఎస్సీ పథకంలో కేంద్రం వాటా 60 శాతం నేరుగా విద్యార్థి ఖాతాలో పడుతుంది. అతను తెచ్చి కట్టినప్పుడు రశీదు మీద ‘కేంద్ర వాటా’ అని రాయకపోతే, అదే ఫీజును ప్రభుత్వం దగ్గరా పిల్లవాడి దగ్గరా వసూలు చేశారని అనుమానం వస్తుంది. నిజంగానే రెండుచోట్లా వసూలు చేసే కాలేజీలున్నాయి కాబట్టి ఆ అనుమానాన్ని తప్పుపట్టలేం. ఇక బకాయిలు. ఏడాది చివర రావాల్సిన డబ్బు రెండేళ్ల తర్వాత వస్తే దాన్ని ఏ విద్యా సంవత్సరానికి జమ చేశారో మంజూరు ఉత్తర్వు నంబరుతో సహా రాయండి. రోజువారీ వసూళ్ల రిజిస్టర్, క్యాష్ బుక్, బ్యాంకు స్టేట్‌మెంట్ మూడూ ఒకే అంకె చెప్పాలి.

ప్రశ్న: హాఫ్ మార్జిన్ ఇచ్చారు. భయపడాలా?

అది ప్రశ్న మాత్రమే, తీర్పు కాదు. కాగితం ఒక సగంలో వాళ్ల ప్రశ్న, రెండో సగం మీ జవాబుకు ఖాళీగా ఉంటుంది. బృందం ఇంకా మీ దగ్గర ఉండగానే ఆధారం జతచేసి జవాబిస్తే చాలా ప్రశ్నలు అక్కడే పోతాయి. ‘తర్వాత పరిశీలించి తెలియజేస్తాం’ అని రాస్తే అది ఇన్‌స్పెక్షన్ రిపోర్టులో పేరాగా మారి, ప్రిన్సిపళ్లు మారినా మిమ్మల్ని వదలదు. రిపోర్టు అందాక జవాబుకు గడువు నాలుగు వారాలు.

ప్రశ్న: పాత ఫైళ్లు పారేయొచ్చా?

పేరా పెండింగ్‌లో ఉన్నా, కోర్టు కేసు ఉన్నా ఆ ఏడాది ఫైలు ఒక్కటీ పారేయొద్దు. అంతా ఆన్‌లైన్‌లో ఉందిగా అనుకోకండి, సంతకం ఉన్నది మీ బీరువాలోనే.

ప్రశ్న: పిల్లల ఆధార్ జిరాక్సులు, బ్యాంకు వివరాలు ఎవరడిగినా ఇవ్వాలా?

అధికారిక లేఖ, గుర్తింపు కార్డు చూశాకే రికార్డు చూపండి. ఇచ్చిన ప్రతికి రసీదు తీసుకోండి. మొత్తం సెక్షన్ ఆధార్ నంబర్లను ఎక్సెల్‌లో పెట్టి వాట్సాప్ గ్రూపులో వేయడం మానండి. చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ సరిపోయే చోట అదే ఇవ్వండి.

ప్రశ్న (విద్యార్థి): ప్రభుత్వం డబ్బు ఇవ్వలేదంటూ నా సర్టిఫికెట్లు ఆపారు. ఆపొచ్చా?

యూజీసీ 2018 అక్టోబర్‌లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం, ప్రవేశం వేళ ఒరిజినల్స్ చూసి వెంటనే తిరిగి ఇచ్చేయాలి, వాటిని కాలేజీ తన దగ్గర ఉంచుకోకూడదు. ముందు ప్రిన్సిపల్‌కు రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, రెండో ప్రతి మీద కాలేజీ ముద్ర వేయించుకోండి. పని కాకపోతే అదే ప్రతితో యూనివర్సిటీకి ఫిర్యాదు చేయండి. కాలేజీలకు బకాయిల కష్టం ఉన్న మాట నిజమే, కానీ ఆ తగాదా వాళ్లకూ ప్రభుత్వానికీ మధ్యది.

ప్రశ్న (విద్యార్థి): నా పేరుమీద ఎంత మంజూరైందో ఎలా తెలుసుకోవాలి?

పోర్టల్‌లో దరఖాస్తు నంబరుతో స్టేటస్ చూడండి. అక్కడ స్పష్టత లేకపోతే జిల్లా సంక్షేమ కార్యాలయంలో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. ఏ ఏడాదికి ఎంత, ఏ తేదీన, ఏ ఖాతాకు అని విడివిడిగా అడగండి. మీరు మానేసిన కోర్సు పేరుతో డబ్బు పోయినట్టు కనిపిస్తే ఆ జవాబు నకలు జతచేసి జిల్లా కలెక్టరేట్ ప్రజావాణిలో ఇవ్వండి, ఆంధ్రప్రదేశ్‌లో అయితే సోమవారం ఫిర్యాదుల పరిష్కార వేదికలో.